వెబినార్ పెట్టాం, ఆర్డర్లేవి?

సందేహాలు – సమాధానాలు

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం మౌలాలి, తార్నాక, ఉస్మానియా క్యాంపస్, నాచారం వైపు నుంచే వచ్చాయి. రాసినవాళ్ల వ్యాపారాలు వేరైనా బాధ ఒక్కటే. వెబినార్లు పెడుతున్నారు, జనం వస్తున్నారు, అమ్మకాలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. నా జవాబులన్నీ ఒకే సూత్రం మీద నడుస్తాయి. ఒక అంకె చూశాక రేపు మీరు చేసే పని మారుతుందంటే ఆ అంకెను లెక్కపెట్టండి. మారదంటే దాని జోలికి వెళ్లకండి.

ప్రశ్న: మౌలాలి పారిశ్రామికవాడలో మాదొక చిన్న ఫ్యాబ్రికేషన్ యూనిట్. ఫార్మా కంపెనీలకు స్టెయిన్‌లెస్ స్టీల్ ట్యాంకులు, పైపు ఫిట్టింగులు చేసి ఇస్తాం. మా అబ్బాయి పట్టుబట్టి వెబినార్ పెట్టించాడు. రెండు వందల మంది పేర్లు ఇచ్చారు, అరవై మంది వచ్చారు. ఒక్క ఆర్డరూ రాలేదు. ఇది మనలాంటి వాళ్లకు పనికొచ్చేదేనా?
– ఒక యూనిట్ యజమాని, మౌలాలి

జవాబు: పనికొస్తుందండీ. పేరు ఇచ్చినవాళ్లలో సగం మందికి పైగా రాకపోవడం మామూలే, దానికి దిగులు పడకండి. ముందు తేల్చుకోవాల్సింది ఆ అరవై మంది ఎవరన్నది. విద్యార్థులా, ఉద్యోగం వెతుక్కునేవాళ్లా, మీ పోటీదారులా, లేక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్, పర్చేజ్ చూసేవాళ్లా? పేరు నమోదు చేసే ఫారంలో రెండే రెండు ప్రశ్నలు పెట్టండి: ఏ సంస్థ, అక్కడ మీ పని ఏమిటి. అరవైలో కొనుగోలుతో సంబంధం ఉన్నవాళ్లు ఎనిమిది మందే అని తేలితే, మీ సభకు వచ్చింది ఎనిమిది మందే. ఈసారి అలాంటి ఇరవై ఐదు మందిని మీరే ఫోన్ చేసి పిలవండి.

రెండోది విషయం. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. వెబినార్లలో జరిగే తప్పు సరిగ్గా ఇదే: గంటసేపు మన యంత్రాల ఫొటోలు, మన సర్టిఫికెట్లు. వినేవాడి సమస్య ఎక్కడా రాదు. ‘వెల్డింగ్ అతుకు దగ్గర తుప్పు ఎందుకు వస్తుంది, ఎలా ఆపాలి’ అని పెట్టి చూడండి. 304 గ్రేడుకూ 316ఎల్‌కూ తేడా చెప్పండి. 316ఎల్‌లో మాలిబ్డినం ఉంటుంది కాబట్టి క్లోరైడ్ల వల్ల పడే గుంటల తుప్పును అది బాగా తట్టుకుంటుంది. కార్బన్ తక్కువ కాబట్టి అతుకు చుట్టూ లోహం బలహీనపడే అవకాశం తగ్గుతుంది. ఏ పనికి 304 సరిపోతుందో, ఎక్కడ 316ఎల్ మీద డబ్బు పెట్టక తప్పదో నిజాయతీగా చెబితే, మీరు సరుకు తెలిసినవాళ్లని వాళ్లకే అర్థమవుతుంది.

మూడోది ముగింపు. ధన్యవాదాలు చెప్పి ఆపేయకండి. ‘మీ ట్యాంకు డ్రాయింగ్ పంపండి, మూడు రోజుల్లో చూసి ఖర్చు ఎక్కడ తగ్గుతుందో చెబుతాం’ అనండి. ప్రశ్న అడిగిన ప్రతి మనిషికీ మర్నాడే మీరు స్వయంగా ఫోన్ చేయండి. ఇక మీరు రాసుకోవాల్సిన అంకెలు మూడు: ఎన్ని డ్రాయింగులు వచ్చాయి, ఎన్ని కొటేషన్లు ఇచ్చాం, ఆరు నెలల్లో ఎన్ని ఆర్డర్లయ్యాయి. డ్రాయింగులే రాకపోతే పిలిచిన మనుషుల్లోనో విషయంలోనో లోపం. డ్రాయింగులు వచ్చి ఆర్డర్లు రాకపోతే మీ ధరో, గడువో, నమ్మకమో చూసుకోవాలి. ఏది సరిచేయాలో అంకె చెప్పడమంటే ఇదే.

ప్రశ్న: మా డిజిటల్ ఏజెన్సీ నెలనెలా పెద్ద రిపోర్టు ఇస్తుంది. రీచ్, ఇంప్రెషన్లు, లైకులు, ఈమెయిల్ తెరిచినవాళ్ల శాతం అన్నీ పెరుగుతున్నాయి. బ్యాంకు ఖాతాలో మాత్రం ఏమీ కనిపించడం లేదు. ఏవి నమ్మాలి?
– ప్యాకింగ్ యూనిట్ లెక్కలు చూసే ఒక సోదరి, నాచారం

జవాబు: అమ్మా, మీ అనుమానం సరైనదే. ఆ అంకెలు అబద్ధాలు కావు, కానీ వాటికీ మీ గల్లాపెట్టెకూ మధ్య చాలా మెట్లున్నాయి. పైగా కొన్ని అంకెలు ఇప్పుడు బొత్తిగా నమ్మదగినవి కావు. 2021లో యాపిల్ తన మెయిల్ యాప్‌లో కొత్త గోప్యతా రక్షణ తెచ్చింది. దాన్ని ఎంచుకున్నవాళ్లకు వచ్చే ఈమెయిల్‌లోని బొమ్మలను, ఆ మనిషి చదివినా చదవకపోయినా, యాపిలే ముందుగా తెప్పించి పెడుతుంది. పంపినవాళ్లకు అది ‘తెరిచారు’ అని లెక్కకొస్తుంది. కాబట్టి తెరిచిన శాతాన్ని పక్కన పెట్టి, ఎందరు తిరుగు జవాబు రాశారో అడగండి.

చార్లెస్ గుడ్‌హార్ట్ అనే బ్రిటిష్ ఆర్థికవేత్త 1975లో ద్రవ్యవిధానం గురించి రాస్తూ చేసిన ఒక పరిశీలన తర్వాత ఆయన పేరుతోనే సూత్రమైంది. దాని సారం ఇది: కొలతనే లక్ష్యంగా పెట్టుకుంటే ఇక అది మంచి కొలతగా మిగలదు. లైకులు తెమ్మంటే ఏజెన్సీ లైకులే తెస్తుంది. కొటేషన్ అడిగేవాళ్లను తెమ్మనండి.

ఖర్చు లెక్కలో మీ సమయాన్నీ వేయండి. ఉదాహరణకు ఒక వెబినార్‌కు ప్రకటనలకు రూ.6,000, ఇద్దరి పని గంటలకు రూ.5,000, నమూనాలు, కొరియర్‌కు రూ.4,000 అయ్యాయనుకుందాం. మొత్తం రూ.15,000. ఆరు నెలల్లో మూడు ఆర్డర్లొస్తే ఒక్కో ఆర్డరు తేవడానికి రూ.5,000 పడింది. సరుకు, కూలీ, రవాణా పోను ఒక్కో ఆర్డరుపై రూ.12,000 మిగిలితే చేతికి రూ.21,000 వచ్చినట్టు. రూ.4,000 మాత్రమే మిగిలితే రూ.3,000 నష్టపోయినట్టు. వచ్చినవాళ్లు ఎందరైనా ఈ ఫలితం మారదు. ఎగ్జిబిషన్‌లో స్టాల్‌కు, సేల్స్ మనిషి ప్రయాణాలకు కూడా ఇదే లెక్క కట్టి పక్కపక్కన పెట్టండి. వచ్చే ఏడాది డబ్బు ఎక్కడ పెట్టాలో తేలిపోతుంది.

పైసా ఖర్చు లేని కొలత ఇంకొకటుంది. ఆర్డరు పుస్తకంలో ‘మా గురించి ఎలా తెలిసింది?’ అని ఒక గడి గీయండి. ప్రతి కొత్త ఖాతాదారునీ అడిగి రాయండి. ఏడాది తిరిగేసరికి మీ దగ్గరుండే ఆ సమాచారాన్ని ఏ ఏజెన్సీ రిపోర్టూ ఇవ్వలేదు.

ప్రశ్న: రైల్వేకు విడిభాగాలు అమ్మాలని మా ఆశ. అధికారులను వెబినార్‌కు పిలిస్తే ఆర్డర్లు వస్తాయా?
– మెషిన్ షాపు నడిపే యువకుడు, మౌలాలి

జవాబు: నేరుగా రావు బాబూ. రైల్వే కొనుగోలు టెండర్ల ద్వారా, ప్రభుత్వ ఈ-మార్కెట్ అయిన జెమ్ ద్వారా సాగుతుంది. భద్రతకు సంబంధించిన చాలా విడిభాగాలకు లక్నోలోని రైల్వే పరిశోధన సంస్థ ఆర్‌డీఎస్‌వో ఆమోదించిన సరఫరాదారుల జాబితాలో ఉండాలి. కాబట్టి ముందు చిన్న పరిశ్రమగా గుర్తింపునిచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ పూర్తి చేయండి. సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచి కొనుగోళ్ల కోసం కేంద్రం 2012లో తెచ్చిన ఉత్తర్వు ప్రకారం కేంద్ర శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థలు తమ వార్షిక కొనుగోళ్లలో 25 శాతం ఇలాంటి యూనిట్ల నుంచే చేయాలి. అందులో 4 శాతం ఎస్సీ, ఎస్టీ యజమానులవి, 3 శాతం మహిళలవి. టెండరు పత్రాల రుసుము, ధరావతు సొమ్ము విషయంలోనూ మినహాయింపులున్నాయి.

వెబినార్‌కు మీరు పిలవాల్సింది మరొకరిని. రైళ్లు ఢీకొనకుండా ఆపే ‘కవచ్’ పరికరాల తయారీకి మొదట ఆమోదం పొందిన సంస్థల్లో మన నగరానివే ఉన్నాయి. అలాంటి పెద్ద సరఫరాదారులకు బ్రాకెట్లు, పెట్టెలు, మెషినింగ్ పనులు చేసిపెట్టే చిన్న యూనిట్లు కావాలి. వాళ్ల ఇంజినీర్లను పది మందిని కూర్చోబెట్టి మీ కొలతల కచ్చితత్వం, తనిఖీ పద్ధతి చూపించండి. ఇక్కడ ఆర్డర్లను నెలనెలా లెక్కపెట్టినా ఫలితం ఉండదు. మీ యూనిట్ చూడటానికి ఎందరొచ్చారు, నమూనా పని ఎన్ని చోట్ల దొరికింది, సరఫరాదారుగా ఎన్ని సంస్థల్లో నమోదయ్యాం అన్నవే మీ మెట్లు. మొదటి ఆర్డరుకు ఏడాది పట్టవచ్చు. ఓపిక పట్టండి.

ప్రశ్న: ఇంట్లోనే జొన్న అటుకులు, కొర్ర ఇడ్లీ రవ్వ, తైద పిండి తయారుచేసి అమ్ముతున్నాను. షుగర్ ఉన్నవాళ్ల కోసం ఆన్‌లైన్ సమావేశం పెడితే బాగా అమ్ముడవుతాయని స్నేహితులు అంటున్నారు. పెట్టమంటారా?
– ఒక గృహిణి, తార్నాక

జవాబు: పెట్టండమ్మా, కానీ ‘షుగర్ తగ్గుతుంది’ అన్న మాట మాత్రం నోట రానీయకండి. ఆహార ప్రకటనలపై 2018 నిబంధనల ప్రకారం ఫలానా తిండి జబ్బును నయం చేస్తుందని చెప్పకూడదు. మధుమేహాన్ని నయం చేస్తుందంటూ మందుల ప్రకటనలివ్వడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. చట్టం సంగతి అలా ఉంచినా, మీ మాట నమ్మి ఒక పెద్దాయన మాత్రలు మానేస్తే ఆ పాపం ఎవరిది?

మీ ఇంటి దగ్గరే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 2017లో ఆ సంస్థ ప్రచురించిన భారతీయ ఆహార పదార్థాల పోషక విలువల పట్టికల్లో జొన్న, తైదల వివరాలున్నాయి. 2024లో భారతీయుల కోసం 17 ఆహార మార్గదర్శకాలను విడుదల చేసింది. వాటిని ఆధారం చేసుకుని మాట్లాడండి. వ్యాపార మెళకువలు, యంత్రాల వివరాలు కావాలంటే రాజేంద్రనగర్‌లోని చిరుధాన్యాల పరిశోధన సంస్థ నడిపే న్యూట్రీహబ్‌ను అడగండి.

సమావేశంలో వండి చూపించండి. కొర్ర రవ్వ ఎంతసేపు నానాలి, ఇడ్లీ గట్టిపడకుండా ఏం చేయాలి అన్నవే మన ఇళ్లలో నిజమైన ప్రశ్నలు. మీ వ్యాపారానికి ముఖ్యమైన అంకె ఒక్కటే: మొదటిసారి కొన్నవాళ్లలో రెండు నెలల్లోపు మళ్లీ ఎందరు కొన్నారు. మొదటి పొట్లం కుతూహలం కొద్దీ కొంటారు. రెండోది రుచి నచ్చితేనే కొంటారు. మళ్లీ కొనేవాళ్లు తక్కువైతే ఇంకో వెబినార్ పెట్టకండి, పిండిని బాగుచేయండి.

ప్రశ్న: ఉస్మానియాలో పీహెచ్‌డీ చేస్తూ గ్రూప్స్ అభ్యర్థులకు ఆన్‌లైన్ కోచింగ్ మొదలుపెట్టాను. ఉచిత వెబినార్‌లో ‘సీట్లు పదే మిగిలాయి, ఈ రాత్రితో ఆఫర్ ఆఖరు’ అంటే చాలామంది చేరుతున్నారని ఇతరులు చెబుతున్నారు. తప్పా?
– పరిశోధక విద్యార్థి, ఉస్మానియా క్యాంపస్

జవాబు: తప్పే. వినియోగదారుల పరిరక్షణ సంస్థ సీసీపీఏ 2024 నవంబరులో కోచింగ్ ప్రకటనలపై మార్గదర్శకాలు తెచ్చింది. లేని తొందర పుట్టించడం, ఉద్యోగం గ్యారంటీ అనడం అందులో నిషిద్ధం. ఎంపికైన అభ్యర్థి ఫొటో వాడాలంటే ఫలితాలు వచ్చాక అతని లిఖితపూర్వక అనుమతి ఉండాలి. అతను చదివిన కోర్సు ఏది, డబ్బు కట్టి చేరాడా అన్నదీ చెప్పాలి.

క్యాంపస్ హాస్టళ్లలో ఎన్నో ఏళ్లుగా నోటిఫికేషన్ల కోసం ఎదురుచూస్తున్న పిల్లలను మీరు రోజూ చూస్తున్నారు. వాళ్లు కట్టే ఫీజు చాలా ఇళ్లలో అప్పు సొమ్ము. చేరినవాళ్ల సంఖ్య ఒక్కటే చూడకండి. మూడో నెలలోనూ క్లాసులకు వస్తున్నవాళ్లెందరు, నమూనా పరీక్షల్లో మార్కులు పెరిగినవాళ్లెందరు, తమ స్నేహితుణ్ని తీసుకొచ్చినవాళ్లెందరు అన్నవి రాసుకోండి. ఈ మూడూ పెరిగితే ప్రకటనల ఖర్చు దానంతట అదే తగ్గుతుంది.

ప్రశ్న: వెబినార్‌కు పేరిచ్చినవాళ్ల నంబర్లన్నీ వాట్సాప్ గ్రూపులో కలిపేయవచ్చా?
– ఒక పాఠకుడు, తార్నాక

జవాబు: అడగకుండా కలపకండి. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం ఏ పనికోసం నంబరు తీసుకుంటున్నారో స్పష్టంగా చెప్పి సమ్మతి తీసుకోవాలి. ఇచ్చినంత తేలిగ్గా ఆ సమ్మతిని వెనక్కి తీసుకునే వీలుండాలి. దీని నియమాలు 2025 నవంబరులో వెలువడి, దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి. గ్రూపులో కలిపితే ఒకరి నంబరు అందరికీ కనిపిస్తుందన్నది కూడా గుర్తుంచుకోండి. ఫారంలో ‘తర్వాతి సమాచారం వాట్సాప్‌లో పంపవచ్చా?’ అని ఒక గడి పెట్టి, అవునన్నవాళ్లకు విడివిడిగా పంపండి. జాబితా చిన్నదవుతుంది, కానీ అందులో ఉన్నవాళ్లు మీ మాట వినాలనుకున్నవాళ్లు.

ప్రశ్న: ఏ యాప్ వాడాలి? ఎంతసేపు పెట్టాలి? తెలుగులోనా, ఇంగ్లీషులోనా?
– మరికొందరు పాఠకులు

జవాబు: మొదలుపెట్టడానికి డబ్బు కట్టనక్కర్లేదు. జూమ్ ఉచిత ఖాతాలో 100 మందితో 40 నిమిషాలు మాట్లాడవచ్చు, చిన్న వ్యాపారానికి అది చాలు. పాతిక నిమిషాలు చెప్పండి, పదిహేను నిమిషాలు ప్రశ్నలకు వదలండి. వినేవాళ్లు తమ షాపులో, ఇంట్లో ఏ భాషలో బేరమాడతారో ఆ భాషలోనే చెప్పండి. వచ్చిన ప్రతి ప్రశ్ననూ నోట్‌బుక్‌లో ఎక్కించండి, మీ తర్వాతి వెబినార్‌కు విషయం అందులోనే దొరుకుతుంది.

చివరగా పాఠకులందరికీ ఒక విన్నపం. ఈ నెలాఖరున ఒక తెల్లకాగితం మీద నాలుగు అంకెలు రాయండి: వచ్చినవాళ్లలో కొనగలిగినవాళ్లెందరు, ఎందరు ధర అడిగారు, ఎందరు కొన్నారు, ఒక్కో కొనుగోలుకు మీకు పడిన ఖర్చెంత. ఆ కాగితాన్ని మీ దగ్గర పనిచేసేవాళ్లకు కూడా చూపించండి. మూడు నెలల అంకెలు పోగయ్యాక నాకు రాయండి, వాటిని ముందు పెట్టుకునే మాట్లాడుకుందాం.