దేవుడి బొమ్మ ఉన్న విదేశీ నాణెం: కొనాలా? పూజలో పెట్టొచ్చా?

ధనత్రయోదశి దగ్గరపడితే చాలు, మన ఫోన్లలో లక్ష్మీదేవి, గణపతి బొమ్మలున్న వెండి నాణేల ప్రకటనలు మొదలవుతాయి. కొన్నిటి మీద ‘నియూ, 2 డాలర్లు’ అని, పాతవాటి వెనక బ్రిటన్ రాణి బొమ్మ ఉంటుంది. మన అమ్మవారు అక్కడికి ఎలా వెళ్లారు?

అసలు సంగతి

నియూ పసిఫిక్ సముద్రంలో ఒక చిన్న ద్వీపం. జనాభా రెండు వేలు కూడా లేదు. బజారులో నడిచేది న్యూజిలాండ్ డాలరే. సేకరించేవాళ్ల కోసం మాత్రం ఆ దేశం పేరుతో బయటి టంకశాలలు నాణేలు ముద్రిస్తాయి. పేరు ఇచ్చినందుకు నియూకి ఆదాయం. స్టార్ వార్స్, డిస్నీ నాణేలూ ఇదే పేరుతో వచ్చాయి. అంటే గణపతి బొమ్మ వేసింది అక్కడ గుడి ఉందని కాదు, కొనే భక్తులు ఉన్నారని.

అదే సముద్రంలోని ఫిజీ కథ వేరు. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా అక్కడికి వెళ్లిన చెరకు తోటల కూలీల్లో అప్పటి విశాఖపట్నం జిల్లా వాళ్లూ ఉన్నారు. అక్కడ దీపావళికి ప్రభుత్వ సెలవు.

కొనేముందు మూడు చూడండి

1. దాని మీద అంకె. 2 డాలర్లన్నది చట్టం కోసం వేసిన విలువ. మన బ్యాంకులో మారదు.
2. బరువు, స్వచ్ఛత. ఒక ఔన్సు అంటే 31.1 గ్రాములు. 999 వెండా, వెండి పూతా? ఆ రోజు వెండి ధరతో లెక్కేయండి.
3. మిగతా తేడా. అది పనితనానికీ, పెట్టెకీ, తక్కువ సంఖ్యలో ముద్రించినందుకూ. తిరిగి అమ్మితే నగల కొట్టువాడు మామూలుగా వెండికే లెక్క కడతాడు.

మరి పూజకి?

పెట్టుకోవచ్చు, తప్పేం లేదు. కానీ ‘ప్రభుత్వం జారీ చేసింది’ అన్న మాట వల్ల దానికి పవిత్రత రాదు. విజయనగరంలో పైడితల్లి అమ్మవారికి మొక్కుకునే మన అమ్మమ్మలు ఏం చేస్తారు? పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల పెట్టి ముడుపు కడతారు. దాని మీద ఏ దేవుడి బొమ్మా ఉండదు. దాన్ని ముడుపు చేసేది మొక్కే. బొమ్మే కావాలంటే, 2012లో మన ప్రభుత్వమే వైష్ణోదేవి బొమ్మతో 5, 10 రూపాయల నాణేలు తెచ్చింది. చిల్లరలో దొరికితే దాచుకోండి.

విదేశీ నాణెం అందం నచ్చితే, చేతిలో డబ్బుంటే కొనుక్కోండి. వాయిదాల మీద మాత్రం వద్దు. అమ్మవారికి రూపాయి చాలు.

జై పైడిమాంబ!