తహారత్ పాఠం చెరువు గట్టున

నీటికి మూడు గుణాలు: రంగు, రుచి, వాసన. మక్తబ్‌లో మన పిల్లలు దీన్ని వల్లె వేస్తారు. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం నిలిచిన నీరు పది మూరల పొడవు, పది మూరల వెడల్పు (దహ్ దర్ దహ్) ఉంటే అది అధిక జలం. కొద్దిపాటి నజాసత్ పడినంత మాత్రాన అది అపవిత్రం కాదు. కాని ఆ నజాసత్ వల్ల మూడు గుణాల్లో ఒక్కటి మారినా, అదెంత పెద్ద చెరువైనా సరే, వుజూకు పనికిరాదు.

ఈ మస్‌అలాను మస్జిదు హౌజు చూపించి బోధించడం మన అలవాటు. హౌజు నీరు శుభ్రంగానే ఉంటుంది కనుక రెండో సగం పిల్లల బుర్రకెక్కదు. ఉప్పల్ నల్లచెరువుకో, నాచారం పెద్దచెరువుకో తీసుకెళ్ళి, మురుగు వచ్చి కలిసే మూల నిలబెట్టి అడగండి: "ఇది పది మూరల కన్నా పెద్దదే కదా, మరి వుజూ ఎందుకు చేయకూడదు?" జవాబు ముక్కుకే తెలిసిపోతుంది.

చెరువు గట్లపై షికారు కాలక్షేపమని కొందరు పెద్దలంటారు. దైవప్రవక్త (స) ఊరి వెలుపలి నీటివాగుల వైపు వెళ్ళేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపినట్లు అబూదావూద్‌లో ఉంది. కాబట్టి అస్ర్ తర్వాత ఇంటిల్లిపాదీ వెళ్ళండి. పొరుగున అంబర్‌పేటలో బతుకమ్మకుంట పునరుద్ధరణ తర్వాత 2025 సెప్టెంబరులో ప్రారంభమైంది. హైడ్రా మొదటి విడత చేపట్టిన ఆ ఆరు చెరువుల్లో మన నల్లచెరువూ ఒకటి. అక్కడ మన రాకపోకలు లేకపోతే, రేపు అందులో చెత్త పడినా అడిగే నోరుండదు.

నిలిచిన నీటిలో మూత్ర విసర్జన చేయడాన్ని దైవప్రవక్త (స) వారించారు (బుఖారీ, ముస్లిం). శాపం తెచ్చిపెట్టే మూడు చోట్ల మలవిసర్జన చేయవద్దన్నారు. వాటిలో నీటిరేవు ఒకటి (అబూదావూద్). ఒక మనిషి విసర్జనకే ఇంత హెచ్చరిక ఉంటే, బక్రీద్ నాడు పేగులూ పేడా నాలాలో విసిరే ఇంటి సంగతేమిటి? ఆ నాలా చెరువుకు, చెరువు మూసీకి చేరుతుంది. "పారిశ్రామికవాడల నుంచి వచ్చేదాని ముందు మనదెంత?" అన్న మాట మేమూ విన్నాం. వారి లెక్క వారిది. వారిపై మహల్లా అంతా కలిసి ఫిర్యాదు చేయవచ్చు, చేయాలి కూడా. మన సంచి మాత్రం మనమే కట్టి మునిసిపల్ బండిలో వేయాలి.

శుద్ధి కేంద్రంలో బాగుచేసిన నీటి మాటేమిటని చదువుకున్న యువకులు అడుగుతుంటారు. మురుగు జాడ మూడు గుణాల్లోనూ పూర్తిగా పోతే అది పవిత్రమేనని 1978లో సౌదీ ఉలమా మండలి నిర్ణయించింది. మన దేశపు ముఫ్తీలలో దీనిపై భిన్నాభిప్రాయం ఉంది. వుజూ విషయంలో మీ ముఫ్తీనే అడగండి. చెట్లకు పోయడానికైతే ఇంత చర్చ అక్కరలేదు.

మరో మాట. చిరిగిన ఖుర్‌ఆన్ ప్రతులను 'ఠండా' చేస్తామంటూ కొందరు వంతెన పైనుంచి మూసీలో వదులుతారు. పారే నీటిలో వదలవచ్చన్నది శుభ్రమైన నీటిని ఉద్దేశించిన మాట. మురుగులో వేస్తే అది అగౌరవమే. శుభ్రమైన గుడ్డలో చుట్టి, ఎవరి పాదమూ పడని చోట పాతిపెట్టండి. ఇంట్లో అలాంటి చోటు లేకపోతే మస్జిదు కమిటీకి అప్పగించండి.