ఆపరేషన్ అయిన గినీ పిగ్‌తో పది రోజులు

రెగ్యులేషన్ మారిన ప్రతిసారీ మన కాలేజీలో ఒక మాట వినిపిస్తుంది: "మేమంతా గినీ పిగ్స్ రా!" ఆర్ 20 వాళ్ళూ అన్నారు, ఆర్ 23 వాళ్ళూ అంటున్నారు. కొత్తదేదైనా ముందు ఎవరి మీద ప్రయోగిస్తే వాళ్ళకి ఆ పేరు పెట్టేయడం మనకి అలవాటు. ఆ పేరున్న అసలు ప్రాణి సంగతి మాత్రం ఎవరూ పట్టించుకోరు. పెట్ షాపులో చూసి ముచ్చటపడి కొన్నవాళ్ళు, ఫ్రెండ్‌కి బర్త్‌డే గిఫ్టుగా ఇచ్చినవాళ్ళు మనలోనే ఉన్నారు కాబట్టి ఈసారి దాని గురించే రాస్తున్నాను.

గుణదలలో మా ఇంట్లో జున్ను అనే ఆడ గినీ పిగ్ ఉంది. వయసు మూడేళ్ళు. ఏప్రిల్‌లో దాని మూత్రాశయంలో రాయి ఉందని తేలితే ఆపరేషన్ చేసి తీశారు. సాయంత్రం ఇంటికి పంపిస్తూ డాక్టరు గారు ఒక మాటన్నారు: "కుట్లు నేను వేశానమ్మా, అవి మానతాయి. నువ్వు దాని కడుపు ఆగకుండా చూడు." ఈ పాఠమంతా ఆ ఒక్క మాటకి వివరణే. రాయి ఆపరేషన్ కావచ్చు, అండాశయంలో తిత్తులు తీయడం కావచ్చు, చీముగడ్డ కోయడం, పళ్ళు అరగదీయడం కావచ్చు. ఇంటికొచ్చాక చేయాల్సిన పని దాదాపు ఒకటే.

ఆగకూడని యంత్రం

గినీ పిగ్ పందీ కాదు, గినీ దేశానిదీ కాదు. దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల మీద జనం మాంసం కోసం పెంచుకున్న ఎలుక జాతి జంతువు. 16వ శతాబ్దంలో యూరప్ చేరింది. దీని ఆహారం గడ్డి. గడ్డిలోని పీచుని దీని శరీరం సొంతంగా అరిగించుకోలేదు. ఆ పని సీకమ్ అనే పెద్ద సంచిలో ఉండే సూక్ష్మజీవులు చేసిపెడతాయి. అందుకే మనలాగా మూడు పూటలు తిని ఊరుకోదు. రాత్రీ పగలూ కొంచెం కొంచెంగా నములుతూనే ఉంటుంది. పళ్ళు కూడా జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, నమిలితేనే అరుగుతాయి.

కెమికల్ ఇంజనీరింగ్ వాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. మన పొట్ట బ్యాచ్ ప్రాసెస్ అయితే దీనిది కంటిన్యువస్ ప్రాసెస్. ఫీడ్ ఆగితే ప్లాంట్ మొత్తం దెబ్బతింటుంది. ఆపరేషన్ తర్వాత నొప్పి వల్ల అది తినదు. తినకపోతే పేగుల కదలిక మందగిస్తుంది. లోపల గ్యాస్ చేరి కడుపు ఉబ్బుతుంది. దానివల్ల నొప్పి ఇంకా పెరుగుతుంది, ఇంకా తినదు. పక్కా పాజిటివ్ ఫీడ్‌బ్యాక్ లూప్ అన్నమాట. దీన్ని తెంచకపోతే కుట్లు చక్కగా మానుతుండగానే ప్రాణం పోవచ్చు.

మనకి ఆపరేషన్ అంటే ముందు రాత్రి నుంచి ఏమీ తినొద్దంటారు. మత్తులో వాంతి అయితే ఊపిరితిత్తుల్లోకి పోతుందని భయం. గినీ పిగ్ వాంతి చేసుకోలేదు. కాబట్టి రాత్రంతా పస్తు పెట్టక్కర్లేదు, పెట్టకూడదు కూడా. ఎన్ని గంటల ముందు ఆపాలో డాక్టరునే అడగండి. ఇంట్లో పెద్దవాళ్ళు అలవాటు కొద్దీ "ఆపరేషన్ కదా, ఏమీ పెట్టకండి" అంటే మాత్రం ఈ తేడా చెప్పండి.

సిరంజితో తినిపించడం

దానంతట అది తినేదాకా మనమే తినిపించాలి. రికవరీ కోసమే తయారుచేసే పొడి ఉంటుంది, క్రిటికల్ కేర్ పేరుతో ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ఆపరేషన్ డేట్ ఖాయం కాగానే ఆర్డర్ పెట్టేయండి. చేతికి రాకపోతే రోజూ తినే పెల్లెట్లనే గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, మెత్తగా చేసి, వడకట్టాలి. ఇడ్లీ పిండి కన్నా కాస్త పల్చగా ఉండాలి.

సాధారణంగా చెప్పే లెక్క: కిలో బరువుకి రోజుకి 50 నుంచి 80 మిల్లీలీటర్లు. ఆపరేషన్ ముందు జున్ను బరువు 940 గ్రాములు. అంటే 47 నుంచి 75 మధ్య. మేము 60 అనుకున్నాం. నాలుగేసి గంటలకి 10 మిల్లీలీటర్ల చొప్పున ఆరుసార్లు. 1 మిల్లీలీటరు సిరంజితో పెడితే ఒక్కో విడతకి పది సిరంజిలు, సుమారు 25 నిమిషాలు పట్టేది. రాత్రి 2 గంటల విడత నాది, తెల్లవారుజామున 6 గంటలది అమ్మమ్మది. మిడ్ ఎగ్జామ్స్ ఉన్న వారంలో ఇది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఆపరేషన్‌కి ముందే ఇంట్లోవాళ్ళతోనో రూమ్మేట్లతోనో విడతలు పంచేసుకోండి.

పద్ధతి ఇది. పసిపిల్లని పొత్తిళ్ళలో చుట్టినట్టు తువ్వాలులో చుట్టి ఒళ్ళో కూర్చోబెట్టుకోవాలి. వెల్లకిలా పడుకోబెట్టి పెట్టకూడదు. ముందు పళ్ళ వెనక ఖాళీ ఉంటుంది. సిరంజిని ఎదురుగా కాకుండా పక్క నుంచి అక్కడికి పోనివ్వాలి. ఒక్కసారి నొక్కితే రెండు మూడు చుక్కలే. నమిలి మింగాక ఇంకో రెండు. తొందరపడి ఒకేసారి తోసేస్తే శ్వాసనాళంలోకి పోతుంది, అది ప్రమాదం. కడుపు ఉబ్బి డప్పులా గట్టిగా ఉంటే మాత్రం బలవంతంగా పెట్టకండి, ముందు డాక్టరుకి ఫోన్ చేయండి.

సిరంజి తిండి పెడుతున్నాం కదా అని గడ్డి తీసేయొద్దు. ఎండుగడ్డి, శుభ్రమైన చోట కోసిన పచ్చి గరిక ఎప్పుడూ దాని మూతి దగ్గరే ఉండాలి. నాలుగో రోజు ఉదయం జున్ను తనంతట తాను ఒక గరిక పోచ లాక్కుని నమిలింది. ఆ చప్పుడు విని అమ్మమ్మ దేవుడికి దండం పెట్టింది.

త్రాసు, నోట్‌బుక్కు

గినీ పిగ్ వేటాడే జంతువు కాదు, వేటకి దొరికే జంతువు. నొప్పి బయటికి కనబడితే శత్రువుకి దొరికిపోతుంది కాబట్టి దాచుకోవడమే దాని స్వభావం. చూడ్డానికి బాగానే ఉంది కదా అనుకోవడం ఇక్కడ పనికిరాదు. కొలవాలి. గ్రాముల్లో చూపించే వంటింటి డిజిటల్ త్రాసు ఒకటి చాలు. రోజూ ఒకే టైముకి, వీలైతే తినిపించకముందు తూకం వేసి రాసుకోవాలి.

జున్ను లెక్క ఇలా నడిచింది: ఆపరేషన్ ముందు 940, మర్నాడు 915, రెండో రోజు 892, మూడో రోజు 884, నాలుగో రోజు 890, పదో రోజు 931. మూడో రోజుకి తగ్గుదల 56 గ్రాములు, అంటే దాదాపు 6 శాతం. 5 శాతం దాటితే డాక్టరుకి చెప్పాలి, 10 శాతానికి చేరితే అత్యవసరం కిందే లెక్క. రెండో రోజే 5 శాతం దాటడంతో ఫోన్ చేశాం. డాక్టరు గారు నొప్పి మందు మోతాదు సరిచేశారు, తర్వాతి రెండు రోజుల్లో గ్రాఫ్ తిరిగింది. ఆ నంబర్లు రాసి ఉండకపోతే ఫోన్‌లో చెప్పడానికి "కొంచెం డల్‌గా ఉందండీ" తప్ప మా దగ్గర ఏమీ ఉండేది కాదు.

రెండో కొలత పెంటికలు. ఆరోగ్యంగా ఉంటే వేరుశనగ గింజంత, ఒకే ఆకారంలో, బోలెడన్ని వస్తాయి. పేగులు మందగిస్తే మిరియాల్లా చిన్నవై ఎండిపోతాయి, సంఖ్య తగ్గుతుంది. లెక్కపెట్టడం అసహ్యం అనుకోకండి, అవి దాని రిపోర్ట్ కార్డు.

పుండు మానడానికి విటమిన్ సి

చాలా జంతువులు విటమిన్ సి ఒంట్లోనే తయారుచేసుకుంటాయి. మనమూ గినీ పిగ్గులూ చేసుకోలేం, దానికి కావాల్సిన చివరి ఎంజైమ్ మనలో పనిచేయదు. 1907లో నార్వేలో హోల్స్ట్, ఫ్రోలిచ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు గినీ పిగ్గుల్లో స్కర్వీ వస్తుందని చూపించగలిగింది అందుకే. విటమిన్ సి పరిశోధనకి దారి చూపింది ఈ ప్రాణే.

మనకి సంబంధించిన విషయం ఏమిటంటే, కోసిన చర్మాన్ని మళ్ళీ అతికించేది కొల్లాజెన్. విటమిన్ సి లేకుండా అది సరిగ్గా తయారవదు. మామూలు రోజుల్లో కిలో బరువుకి 10 నుంచి 30 మిల్లీగ్రాములు చాలు, జబ్బుపడి లేచేటప్పుడు 30 నుంచి 50 కావాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం 100 గ్రాముల జామపండులో 200 మిల్లీగ్రాములకి పైనే విటమిన్ సి ఉంటుంది. అంటే 20 గ్రాముల ముక్కతో 40 మిల్లీగ్రాములు వచ్చేసినట్టే. పండులో చక్కెర ఉంటుంది కాబట్టి అంతకు మించొద్దు. రోజువారీకి క్యాప్సికం మేలు. టాబ్లెట్ కలిపిన నీళ్ళు పెట్టడం దండగ, విటమిన్ నీళ్ళలో త్వరగా పాడైపోతుంది. పెల్లెట్లలో ఉండేది కూడా నెలలు గడిచేకొద్దీ తగ్గిపోతుంది, ప్యాకెట్ మీద తయారీ తేదీ చూడండి.

గినీ పిగ్గుల మూత్రంలో రాళ్ళు ఎక్కువగా కాల్షియం కార్బొనేట్‌వి. కాబట్టి రాయి తీసిన జంతువుకి మునగాకు, లూసర్న్ గడ్డి వద్దన్నారు మా డాక్టరు గారు. పాలకూర, తోటకూరల్లో ఆక్సలేట్లు ఎక్కువని వాటినీ ఆపమన్నారు. గోంగూర మనమే తినేద్దాం. ఆకుకూరలు కడిగి తడితోనే పెడితే నీళ్ళు కూడా లోపలికి పోతాయి.

మందులు: ఇక్కడ ప్రయోగాలు వద్దు

ఈ పాఠంలో ఒక్కటే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోండి. మనకి ఇంట్లో మామూలుగా ఉండే అమాక్సిసిలిన్, యాంపిసిలిన్ లాంటి పెన్సిలిన్ జాతి మందులు, క్లిండమైసిన్ నోటి ద్వారా వేస్తే గినీ పిగ్ చచ్చిపోవచ్చు. అవి సీకమ్‌లోని మంచి సూక్ష్మజీవుల్ని చంపేస్తాయి. ఖాళీ అయిన చోట విషం పుట్టించే క్లాస్ట్రిడియం బాక్టీరియా పెరుగుతుంది. కుక్కకి రాసిచ్చిన మందు మిగిలింది కదా అని దీనికి వేయొద్దు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకోవద్దు. నొప్పి మందు కూడా డాక్టరు రాసిన మోతాదే, రాసిన టైముకే. కాస్త హుషారుగా కనబడిందని మధ్యలో మానేయొద్దు.

పుండు మీద పసుపు రాయమని అమ్మమ్మ అంది. ఆవిడ ప్రేమ ఆవిడది. కానీ ఇది నాకుతుంది, తేమ చేరుతుంది. డాక్టరు చెప్పనిదేదీ రాయకుండా పొడిగా ఉంచడమే మంచిది.

గది, వేడి, తోడు

రంపపు పొట్టు కుట్లకి అంటుకుంటుంది. పది రోజులూ పాత మెత్తటి తువ్వాళ్ళు పరిచి, తడిసినప్పుడల్లా మార్చాం. మత్తు వదిలేదాకా ఒళ్ళు చల్లబడుతుంది కాబట్టి మొదటి కొన్ని గంటలు వెచ్చగా ఉంచాలి. ఆ తర్వాత మన బెజవాడలో అసలు శత్రువు ఎండే. గినీ పిగ్‌కి 18 నుంచి 24 డిగ్రీలు హాయి, 30 చేరువైతే వడదెబ్బ భయం. కొండ పక్క ఇళ్ళలో రాత్రి కూడా గోడలు వేడి కక్కుతూనే ఉంటాయి. ఏసీ లేకపోతే కింది అంతస్తు గది చూసుకోండి. గుడ్డ చుట్టిన ఐస్ బాటిల్ ఒక మూల పెట్టి, పడుకోవడానికి చిన్న కడప బండ ముక్క వేయండి. దాని ఇష్టం వచ్చినచోట అదే పడుకుంటుంది. కూలర్ గాలి నేరుగా తగలనివ్వకండి, తువ్వాళ్ళు చెమ్మగిల్లుతాయి. హాస్పిటల్‌కి ఆటోలో వెళ్ళాల్సివస్తే పొద్దున్నే బయల్దేరండి.

శబ్దం సంగతి కూడా. మా జున్నుకి రైళ్ళ కూత అలవాటే. టీవీ, కుక్కర్ విజిల్, చూడ్డానికొచ్చే పిల్లల గోల మాత్రం పడదు. మాత తిరునాళ్ళ రోజుల్లోనో, వీధిలో పెళ్ళి మైకులున్నప్పుడో ఆపరేషన్ పెట్టుకోకపోతే మేలు, వాయిదా వేయగలిగినదైతేనే.

ఇవి గుంపుగా బతికే జీవులు. ఒంటరి గినీ పిగ్‌ని పెంచకూడదని స్విట్జర్లాండ్ 2008లో నిబంధనే పెట్టింది. జత ఉంటే కుట్లు మానేదాకా మధ్యలో వల పెట్టి పక్కపక్కనే ఉంచండి, వాసన, పిలుపు అందుతాయి. మగదానికి సంతాన నిరోధక ఆపరేషన్ అయితే ఆరు వారాలపాటు ఆడదాని దగ్గరికి వదలొద్దు, అప్పటిదాకా పిల్లలు పుట్టే అవకాశం ఉంటుంది.

వెంటనే ఫోన్ చేయాల్సినవి

12 గంటలు దేన్నీ ముట్టకపోయినా, పెంటికలు ఆగిపోయినా. మూలన ముడుచుకుని, బొచ్చు నిక్కబొడుచుకుని, పళ్ళు కొరుకుతున్నా. కుట్లు విడినా, ఎర్రగా వాచినా, చీము పట్టినా. మూత్రానికి ముక్కుతూ అరుస్తున్నా. నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా. ఇవేవీ తెల్లారేదాకా ఆగేవి కావు.

అందరు పశువైద్యులూ వీటిని చూడరు. కొనకముందే, కనీసం జబ్బు పడకముందే, "గినీ పిగ్‌లని చూస్తారా, ఆపరేషన్ చేస్తారా?" అని ఫోన్ చేసి అడిగి నంబరు దాచుకోండి. మనకి దగ్గర్లో గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది, మొదటి ఎంక్వయిరీ అక్కడ మొదలుపెట్టొచ్చు. ఈ ప్రాణి 5 నుంచి 8 ఏళ్ళు బతుకుతుంది, అంటే మన బీటెక్ కన్నా ఎక్కువ కాలం. ఎవరికైనా గిఫ్టుగా ఇచ్చే ముందు ఆ నాలుగో ఏడాది తర్వాత రాత్రి 2 గంటల విడత ఎవరిదో కూడా అడగండి.