సమాన పనికి సమాన వేతనం – పేరులో ఉన్న కిటుకు

సాంఘిక శాస్త్రంలో ఆదేశిక సూత్రాలు అందరం చదివాం. 39వ అధికరణం (డి) క్లాజు ప్రకారం స్త్రీ పురుషులిద్దరికీ సమాన పనికి సమాన వేతనం ఉండాలి. ఒక మార్కు బిట్టుగా వస్తుందని బట్టీ కొట్టాం కూడా. అయితే అసలు పేచీ అంతా 'సమాన పని' అనే మాట దగ్గరే ఉంది. ఏది సమానమో ఎవరు చెప్పాలి?

ముందు మన ఊళ్ళ సంగతి చూద్దాం. పత్తి ఏరబోతే కిలో లెక్కన ఇస్తారు. కాంటాకు ఆడా మగా తెలియదు. 2005 చట్టం కింద జరిగిన ఉపాధి హామీ పనుల్లోనూ ఆడవాళ్ళకో రేటు, మగవాళ్ళకో రేటు లేదు. రోజు కూలి దగ్గరికొచ్చేసరికే కథ మారుతుంది. మా గూడెం నుంచి మిరప తోటకు పోతే మా అమ్మకు ఒక కూలి, మా బాబాయికి దానికంటే ఎక్కువ. ఎందుకని అడిగితే "మీ అమ్మది కోసే పని, మీ బాబాయిది బస్తాల పని" అంటారు. బస్తాలు మోసేది సాయంత్రం గంటసేపు. మిగతా పొద్దంతా ఇద్దరూ పక్కపక్క సాళ్ళలో కాయలే కోస్తారు.

ఇలా పేరు మార్చి కూలి తగ్గించే కిటుకు మన దగ్గరే పుట్టలేదు. ఇంగ్లాండులో లండన్ పక్కన డాగెన్‌హామ్ అనే చోట ఫోర్డు కార్ల ఫ్యాక్టరీలో 187 మంది ఆడవాళ్ళు సీట్లకు కవర్లు కుట్టేవాళ్ళు. కంపెనీ పనులకు గ్రేడులు వేసినప్పుడు వీళ్ళను 'సి' గ్రేడులో వెయ్యకుండా, నైపుణ్యం తక్కువని 'బి'లో పడేసింది. పైగా బి గ్రేడు మగవాళ్ళకు 100 ఇస్తే వీళ్ళకు 85 ఇచ్చేది. గ్రేడులో ఒక కోత, రేటులో ఇంకో కోత అన్నమాట. 1968 జూన్ 7న మిషన్లు ఆపి సమ్మెకు దిగారు. సీటు లేని కారు ఎవరు కొంటారు? ఫ్యాక్టరీయే ఆగిపోయింది. మూడు వారాలకు మంత్రి బార్బరా కాజిల్ వాళ్ళను పిలిచి మాట్లాడారు. 85 కాస్తా 92 అయింది, తర్వాత పూర్తి బి రేటు ఇస్తామన్నారు. 1970లో అక్కడ సమాన వేతన చట్టం వచ్చింది.

చాలామంది ఇక్కడితో కథ ఆపేస్తారు. నాకు మాత్రం తర్వాతి ముక్కే ముఖ్యమనిపించింది. గ్రేడు మారలేదు! కుట్టుపని కూడా నైపుణ్యమే అని ఒప్పించి 'సి' గ్రేడు తెచ్చుకోవడానికి 1984లో మళ్ళీ సమ్మె చెయ్యాల్సి వచ్చింది. మధ్యలో 16 ఏళ్ళు. (మన యూనిఫాం కుట్టే టైలరన్నను పనిమంతుడంటాం. అదే పని ఇంట్లో అక్క చేస్తే ఏమంటామో మీరే చెప్పండి.)

మన దేశంలో సమాన వేతన చట్టం 1976లో వచ్చింది. అందులో 'ఒకే పని' అనడంతో ఆపకుండా 'ఒకే రకమైన పని' అని కూడా రాశారు. ఆ మాట బొంబాయిలో పనికొచ్చింది. మెకినన్ మెకంజీ కంపెనీలో ఆడ స్టెనోగ్రాఫర్లకు మగవాళ్ళకంటే తక్కువ జీతం. ఆడ్రీ డికోస్టా అనే ఉద్యోగిని కేసు వేశారు. వీళ్ళు పెద్ద అధికారుల దగ్గర పనిచేసే 'కాన్ఫిడెన్షియల్ స్టెనోలు', వీళ్ళ తరగతే వేరు అని కంపెనీ వాదించింది. ఇచ్చుకునే స్తోమత లేదని కూడా అంది. 1987లో సుప్రీంకోర్టు రెండు వాదనలూ కొట్టేసింది. చూడాల్సింది పేరు కాదు, చేసే పని. స్తోమత లేదని చెప్పి చట్టం తప్పించుకోవడమూ కుదరదు.

ఈ వ్యాసం చిత్తుప్రతి చదివి మా పక్క మంచం మిత్రుడు ఒకటే అడిగాడు: "ఆడవాళ్ళకు పెంచాలంటే మగవాళ్ళకు కోస్తారేమో గదా?" మంచి ప్రశ్నే. సమానం చెయ్యడం కోసం ఎవరి వేతనమూ తగ్గించరాదని చట్టంలోనే ఉంది. తర్వాత ఈ చట్టాన్ని 2019 వేతనాల కోడ్‌లో కలిపారు, అందులోనూ ఆ మాట ఉంది. పని ఒకే రకమా కాదా అని తగువు వస్తే తేల్చేది యజమాని కాదు, ప్రభుత్వం నియమించిన అధికారి. నైపుణ్యం, శ్రమ, అనుభవం, బాధ్యత చూసి తేల్చాలి. మిరప కోసి వచ్చిన రాత్రి మా అమ్మ చేతులు మంటకు నీళ్ళ గిన్నెలో పెట్టుకొని కూర్చుంటుంది. అది 'శ్రమ' అనే గడిలోకి వస్తుందని నేననుకుంటున్నాను.

దసరా సెలవులకు ఇళ్ళకు పోయినప్పుడు ప్రతి ఒక్కరూ మూడు సంగతులు రాసుకొని రండి: మీ ఊళ్ళో పని పేరు, ఆడ కూలి, మగ కూలి. కోత, కలుపు, నాట్లు, బస్తాలు, ఏదైనా సరే. వార్డెన్ సారు చార్టు ఇస్తామన్నారు. వచ్చే సంచికలో ఊరివారీగా పట్టిక వేసి ఇక్కడే అంటిద్దాం.