చదివిన దానిపై విపులంగా వ్రాయించుట

“ఈ కథపై మీ అభిప్రాయమును విపులముగా వ్రాయుడు” అన్న ప్రశ్నకు విద్యార్థులలో పలువురు కథనే తిరిగి చెప్పి, చివర రెండు పొగడ్తలు చేర్చి ముగిస్తారు. నాలుగు పుటలు నిండుతాయి. అభిప్రాయం మాత్రం కానరాదు. ఒక మాట చెప్పి, దానికి ఆధారం పాఠంలో ఎచట ఉన్నదో చూపి, ఆ ఆధారం నుండి తన నిర్ణయానికి ఎట్లు వచ్చినదీ వివరించడమే విపులత అని వారికి మొదటనే తెలుపవలసి ఉన్నది.

ఉర్దూ, తెలుగు విద్యార్థులకు ఉభయులకూ పరిచితమైన ప్రేమ్‌చంద్ కథ ‘ఈద్‌గాహ్’ (1933) తీసుకొందాము. తల్లిదండ్రులు లేని నాలుగైదేండ్ల హామిద్ పండుగనాడు మూడు పైసలతో మేళాకు వెళ్లి, నానమ్మ అమీనా కొరకు పట్టుకారు కొంటాడు. “హామిద్ త్యాగశీలి” అని తరగతి అంతా వ్రాస్తుంది. అది సత్యమే. కాని కథ చదువకనే వ్రాయదగిన వాక్యమది! గైడు పుస్తకాలలో దొరికేదీ అదే.

ఇచట అధ్యాపకుడు అడుగవలసినది ఒక్కటే: “ఏ వాక్యం చూచి అట్లన్నావు?” అప్పుడు విద్యార్థి మరల పుస్తకం తెరుస్తాడు. బొమ్మలను నిందిస్తూనే హామిద్ వాటివంక ఆశగా చూస్తాడు. క్షణకాలమైనా చేతబట్టుకోవాలని కోరుకొంటాడు. తనకు మిఠాయి పెట్టని నేస్తాలపై లోలోన అలుగుతాడు. పట్టుకారు చూచి నానమ్మ దీవిస్తుందని ముందే ఊహించుకొంటాడు. ఆరు పైసలన్న దుకాణదారునితో బేరమాడి మూడింటికే తెచ్చుకొంటాడు. తిరుగు దారిలో దానిని ‘రుస్తుం-ఏ-హింద్’గా నిలిపి వాదంలో నెగ్గుతాడు. ఇంత ధీమాగలవాడు నానమ్మ కోపించగానే తప్పు చేసినవానివలె బదులిస్తాడు.

ఇపుడు వ్రాయుటకు విషయం దొరికినది. ఆశపడిన పిల్లవాని త్యాగము గొప్పదా? దీవెన కోరినందువలన దాని విలువ తగ్గినదా? విద్యార్థి ఏ పక్షమైనా వహించవచ్చు. ఆధారం చూపినవానికి మార్కులు ఈయవలసినదే.

ఉర్దూ మాతృభాషగా గలవారిని మొదట తమ భాషలోనే చర్చించుకొననీయాలి. ‘చిమ్టా’ అనగానే ఇంటి పొయ్యి మనసులో మెదలే విద్యార్థికి, తెలుగు పదం వెదకికొనుటలో ఆలోచన తెగిపోరాదు. భాషాదోషాలను రెండవ ప్రతిలో దిద్దవచ్చును. మొదటి ప్రతిలో ఎర్రసిరా ఎంత తక్కువైతే అంత మేలు; అంచున ఒకే ఒక ప్రశ్న వ్రాసిన చాలును.

ఆరంభంలోనే నాలుగు పుటలు కోరవద్దు. కథ చివర ముసలి అమీనా పసిపిల్లవలె విలపించే ఘట్టంపై ఒక్క పేరా వ్రాయించి, మరునాడు అదే పేరాను చేతికిచ్చి, “ఎందుకు?” అని అడిగి రెండవది వ్రాయించండి.