జీతగాడికి రెండు పటాలు చాలు

చిలమత్తూరు నుంచి బెంగళూరుకు ఉద్యోగానికి పోయిన మాబోటివాళ్ళకు కైట్‌బోర్డింగ్ పిచ్చి పట్టిందంటే ముందు ఖాళీ అయ్యేది జేబే. నడుముకు పటం తగిలించుకుని, కాళ్ళకింద పలక పెట్టుకుని, గాలి లాగుతుంటే నీళ్ళమీద జారే ఆట ఇది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో కూడా చేరింది. పటాలు 5 చదరపు మీటర్ల నుంచి 17 దాకా దొరుకుతాయి, కొత్తదైతే ఒక్కటే నెల జీతం మింగేస్తుంది. ఏది కొనాలని అడిగేవాళ్ళను నేను ఎదురు అడిగేది ఒకటే: సెలవు ఎప్పుడు పెడతావు?

మనవాళ్ళు పోయేది ఎక్కువగా రామేశ్వరం, తూత్తుకుడి వైపు. అక్కడ ఎండాకాలం చివర మొదలై సెప్టెంబరు దాకా నైరుతి గాలి గట్టిగా వీస్తుంది. చలికాలంలో ఈశాన్యపు గాలి, కాస్త మెత్తన. జూలైలో సెలవు పెట్టేవాడికి, జనవరిలో పెట్టేవాడికి ఒకే పటం చెబితే ఇద్దరిలో ఒకడు ఒడ్డున కూర్చుంటాడు.

లెక్క చిన్నదే. ఒంటి బరువును 2.2తో హెచ్చించి, గాలి ఎన్ని నాట్లుందో దానితో భాగించాలి. (వరినాట్లు కావు, ఒక నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు.) 75 కిలోల మనిషికి 14 నాట్ల గాలిలో 12 చదరపు మీటర్ల పటం, 18 నాట్లకు 9 చాలు. బరువు తగ్గించి చెప్పుకుంటే నష్టం మీకే. ఆ బరువు మనిషికి 12, 9 రెండూ ఉంటే ఏడాదంతా గడిచిపోతుంది. ఒక్కదానికే డబ్బుంటే జూలైవాడు 9, జనవరివాడు 12 కొనుక్కోవాలి. మూడోది కొనమనే స్నేహితుడికి మీ ఈఎంఐ సంగతి తెలియదు.

గాలిని బట్టి సర్దుకోవడమంటే మా అవ్వ రాగుల కళ్ళంలో చేసిన పనే. గాలి మెత్తగా ఉంటే చేట తలకన్నా పైకెత్తి సన్నగా వదిలేది. జోరందుకుంటే నడుము దాకా దించేది, లేకుంటే పొట్టుతోపాటు గింజలూ పక్క చేలోకి పోతాయి కదా!

సగటు గాలిని నమ్మి నేనొకసారి దెబ్బ తిన్నాను. ఆ ఉదయం గాలి వేగం చెప్పే యాప్ 14 నాట్లు అంది. 12 ఎగరేశాను. ఉన్నట్టుండి 21 నాట్ల విసురు వచ్చింది. వేగం ఒకటిన్నర రెట్లు పెరిగితే లాగుడు రెండుంబావు రెట్లు పెరుగుతుంది, వర్గం లెక్క. చేతిలోని బారు దూరంగా వదిలితే పటం కొంత బలం వదులుకుంటుంది, కానీ అంత విసురుకు అది చాలలేదు. ఇసుకలో పదడుగులు ఈడ్చింది, మోచేతులు రెండూ చెక్కుకుపోయాయి. పటం లాగుడును ఒక్కసారిగా వదిలించే క్విక్ రిలీజ్ లాగాలని గుర్తొచ్చేసరికి ఆలస్యమైంది. కొత్తవాళ్ళు సగటుకు కాక విసురుకు తగ్గ సైజు ఎంచుకోవాలి. ఇంకా చిన్నదే మేలు.

యాప్‌తోపాటు కళ్ళనూ వాడండి. దుమ్ము, కాగితాలు లేస్తుంటే 11 నుంచి 16 నాట్లు. చిన్న చెట్లు మొత్తంగా ఊగుతుంటే 17 నుంచి 21. గొడుగు పట్టుకోవడం కష్టమైతే 22 దాటినట్టే, 12ను సంచిలోంచి తీయకండి. గాలి ఒడ్డు నుంచి సముద్రంలోకి వీస్తుంటే ఏ సైజూ వద్దు, తిరిగి రాలేరు. పెనుకొండ దగ్గర గొల్లపల్లి రిజర్వాయరులో నీళ్ళు చూసి ఆశపడేవాళ్ళున్నారు. చుట్టూ కొండలున్న చోట గాలి సుడులు తిరుగుతుంది, ఒక నిమిషం చచ్చుబడి మరో నిమిషం తన్నుతుంది.

సెకండ్‌హ్యాండ్ పటమైతే సాయంత్రం దాని ముందంచు గొట్టంలో గాలి నింపి, రాత్రంతా వదిలేసి, పొద్దున ఆ గొట్టాన్ని బొటనవేలితో నొక్కి చూడండి. మెత్తబడితే బేరం ఆడొద్దు, తిరిగిచ్చేయండి.