రిపోర్టు మీద పేరు

రాములమ్మకు మూడు వారాలుగా దగ్గు. "దగ్గు రెండు వారాలు దాటితే పరీక్ష చేయించుకోవాలి" అని డాక్టరమ్మ ఎక్స్‌రే రాసింది.

ఎక్స్‌రే గదిలో టెక్నీషియను అడిగాడు.

"అమ్మా, నెల తప్పిందా? కడుపుతో ఉంటే ముందే చెప్పాలి. ఈ కిరణాలు బిడ్డకు మంచివి కావు."

"లేదు బాబూ. నా జబ్బేంటో చెప్పు."

"నేను ఫొటో తీస్తానంతే. చూసి చెప్పేది రేడియాలజీ డాక్టరు. ఆయన పట్నంలో ఉంటారు. వెనక ఫిల్ము కడిగి, ఆరబెట్టి, మనిషితో పంపేవాళ్లం. ఇప్పుడు కంప్యూటరులో పంపుతాం. ఆయన అక్కడే చూసి రిపోర్టు రాస్తారు."

సాయంత్రం రిపోర్టు వచ్చింది. రాములమ్మ కూడబలుక్కుని చదివింది. 'రాములు, మగ, 60 ఏళ్లు.'

"ఇది నాది కాదు బాబూ!"

వెంటనే మార్చి ఇచ్చారు.

చదువు రాకపోతే రాములు మందులు రాములమ్మ మింగేది. రిపోర్టు చేతికి రాగానే పేరు, వయసు, తేదీ చదవండి.